సర్పంచ్ భర్తను తిట్టే ముందు మండలాఫీసు ఫోన్ లిస్టు చూడండి

"50 శాతం రిజర్వేషన్ ఉన్నా ఊళ్లో పెత్తనం భర్తదే కదా, ఇక దీనివల్ల లాభమేంటి?" అని మీ ప్రశ్న. ఈ మాట అడిగేవాళ్లందరూ నేరుగా సర్పంచ్ భర్త మీద పడతారు. అలాంటి భర్త ఒకడు మా ఇంట్లోనే ఉన్నాడు, నా సొంత అన్న. అందుకే చెప్తున్నా, అతన్ని సర్పంచ్‌ని చేసింది మా వదిన కాదు, ఊరు కూడా కాదు. ఆఫీసులు.

మాది తెలంగాణలో నల్గొండ జిల్లా, దేవరకొండ వైపు. 2019 పంచాయతీ ఎన్నికల్లో మా ఊరు మహిళకు రిజర్వ్ అయితే వదిన నిలబడి గెలిచింది. మహిళా సంఘాల లెక్కలు రాసేది నేనే కాబట్టి, కాగితాల పని పడ్డప్పుడల్లా ఆమె వెంట పోయేదాన్ని. గెలిచిన మర్నాటి నుంచే అన్న ‘సర్పంచ్ సాబ్’ అయిపోయాడు. ఫ్లెక్సీలో అన్నది నిలువెత్తు ఫొటో, వదినది పాస్‌పోర్ట్ సైజు. ఫ్లెక్సీ గొడవ వదిలేయండి, ఎండకు వానకు అదే చిరిగిపోతుంది. మండలంలో సర్పంచుల వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టారు. చట్టం ప్రకారం అందులో సగం మంది ఆడవాళ్లుండాలి. తెరిచి చూస్తే డీపీలన్నీ మీసాలే.

ఒక ఎండాకాలం మా తాగునీళ్లొచ్చే మిషన్ భగీరథ పైపు ఎక్కడో పగిలింది. కొన్ని రోజులు నీళ్లు రావు, ట్యాంకర్లు చూసుకోండి, బోర్లు అద్దెకు తీసుకోండి అని ఆ గ్రూపులో మెసేజ్ పెట్టి ఆఫీసు చేతులు దులుపుకుంది. అన్న అప్పుడు డీసీఎం వ్యాను కిరాయికి కర్నూలు పోయి ఉన్నాడు. బండి నడిపేటప్పుడు ఫోన్ చూడడు, అది మంచి అలవాటే. ఇక్కడ మాత్రం తెల్లారేసరికి వాకిట్లో బిందెలు. నడుం వంగిపోయిన ఒక ముసలమ్మ అయితే, "సర్పంచ్‌వి నువ్వు, నీకు తెల్వకుంటే ఎవరికి తెలుస్తది? మళ్లా ఆ బోరు నీళ్లే తాగమంటవా?" అని నిలదీసింది. మా జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి దిక్కు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్ని ఎలా వంచేస్తుందో తెలిసినవాళ్లకు ఆ మాట ఎంత బరువో చెప్పక్కర్లేదు. వదిన దగ్గర జవాబు లేదు. ఉండటానికి ఆమెకు చెప్పిందెవరు?

ఇద్దరం బస్సెక్కి మండలాఫీసుకు పోయాం. క్లర్కు తలెత్తి, "అన్న రాలేదామ్మా?" అన్నాడు.

"మీ అన్న కర్నూలు పోయిండు. నీళ్లు రాకపోతే నాకెందుకు చెప్పలే?"

"గ్రూపుల పెట్టినం కదమ్మా."

"ఆ గ్రూపుల నేనున్ననా?"

అతను పాపం రిజిస్టర్ తీశాడు. మా ఊరి ఎదురుగా వదిన పేరు, పక్కన అన్న నంబరు. కిందకు చూస్తూ పోతే ఆడపేర్లున్న ప్రతి వరుసలోనూ అదే తంతు అని వాళ్ల ఊళ్ల నంబర్లు తెలిసిన నాకు అర్థమైంది. వదిన బల్ల మీది పెన్ను తీసుకుని, అన్న నంబరు కొట్టేసి, పైన తన నంబరు రాసింది. ఏడో తరగతి చదువు, ఒక్కో అంకె దిద్దినట్టు రాస్తుంది. క్లర్కుకు నమ్మకం కుదరక అక్కడే డయల్ చేశాడు. చేతిసంచిలో రుమాలు కట్టిన ఫోన్ మోగింది. వదిన ఎత్తి, ఎదురుగా ఉన్న మనిషితోనే "హలో, సర్పంచ్‌ను మాట్లాడుతున్న" అంది. ఆఫీసంతా నవ్వింది. మర్నాడు పొద్దున ట్యాంకర్ వచ్చింది.

అన్న కొన్నాళ్లు అలిగాడు. తర్వాత మీటింగులకు బండి మీద దింపి, బయట చాయ్ తాగుతూ కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం చెక్ పవర్‌ను, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారాన్ని, సర్పంచ్‌కు, ఉపసర్పంచ్‌కు ఉమ్మడిగా ఇచ్చింది. అంటే వదిన సర్పంచ్‌గా ఉన్నన్నాళ్లు ఆమె సంతకం లేకుండా రూపాయి కదిలేది కాదు. సంతకానికి పనికొచ్చే మనిషి ఫోన్‌కు పనికిరాదా? ఇది సర్పంచులతో ఆగే సంగతి కాదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్ కార్డులో ఇంటి పెద్ద ఆడమనిషే. కానీ మా సంఘాల్లో సగం మంది ఆధార్‌కు లింక్ అయింది భర్త నంబరు. ఏ పథకానికి అప్లై చేసినా ఓటీపీ హైదరాబాద్‌లో కూలి పనిలో ఉన్న మనిషికి పోతుంది. అతను ఫోన్ ఎత్తేదాకా ఈమె మీసేవలో బల్ల మీద కూర్చోవాలి. పోనీ గ్రామసభకు వచ్చి అడుగుదామంటే, దాన్ని సరిగ్గా పత్తి ఏరే వేళకు, పగటిపూట పెడతారు. "ఆడవాళ్లు రారండీ" అని రాసుకునేదీ వాళ్లే.

లాభమేంటి అన్నారు కాబట్టి అదీ చెప్తా. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలను పరిశీలించి, ఆడవాళ్లు పెద్దలుగా ఉన్నచోట తాగునీటి పనులు ఎక్కువగా జరిగాయని 2004లో ఇద్దరు ఆర్థికవేత్తలు రాశారు. వాళ్లలో ఎస్తేర్ డఫ్లోకు 2019లో నోబెల్ వచ్చింది. బిందె మోసేవాళ్లకు ఇది చెప్పడానికి నోబెల్ అక్కర్లేదనుకోండి.

పైవాళ్లు మాకు ఆదర్శంగా ఉన్నారా అంటే అదీ లేదు. మల్లు స్వరాజ్యం, ఆరుట్ల కమలాదేవి లాంటి సాయుధ పోరాట నాయకురాళ్లను అసెంబ్లీకి పంపిన ఉమ్మడి నల్గొండ జిల్లా మాది. అలాంటి జిల్లా ఉన్న తెలంగాణలో 2014లో ఏర్పడ్డ తొలి మంత్రివర్గం ఒక్క ఆడమంత్రి లేకుండానే గడిచిపోయింది. 2023లో 119 అసెంబ్లీ సీట్లకు గెలిచిన ఆడవాళ్లు 10 మంది. అదే ఏడాది పార్లమెంటు లోక్‌సభ, అసెంబ్లీల్లో ఆడవాళ్లకు 33 శాతం సీట్ల చట్టం చేసింది కానీ జనగణన, ఆపై నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని మెలిక పెట్టింది. పంచాయతీలో పనికొచ్చిన రిజర్వేషన్‌కు అసెంబ్లీ దగ్గరే ఎందుకన్ని లెక్కలు?

ఇంతకీ మీ అమ్మ ఆధార్‌కు ఎవరి నంబరుంది? నాన్నదైతే ఆమెను ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్లి మార్పించండి. పొద్దున్నే పోండి, మధ్యాహ్నానికి మా దగ్గరైతే సర్వర్ డౌన్ అంటారు.