కొరత వస్తుందంటున్నారు, తూటాలు ఇప్పుడే కొని నిల్వ చేసుకోవాలా? నా అనుభవం

మీ ప్రశ్న చదివాను. టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటున్నారు, గ్రీన్‌కార్డు వచ్చి ఏడాది అయింది, 9 ఎంఎం పిస్టల్ కొన్నారు, నెలకు రెండుసార్లు రేంజికి, అంటే గురి సాధన చేసే చోటికి, వెళ్లి మొత్తం 200 తూటాలు కాలుస్తున్నారు. పక్కింటాయనేమో త్వరలో సరుకు దొరకదు, వేలకు వేలు కొనిపెట్టుకో, సొంతంగా తూటాలు తయారుచేసుకునే మిషను కూడా కొను అని భయపెడుతున్నారు. ఎంత కొనాలి, ఏం కొనాలి, ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో ఎక్కడ పెట్టాలి అన్నది మీ సందేహం. హెచ్1బి మీద ఉన్న మీ తమ్ముడు కూడా మీ ఇంట్లోనే ఉంటున్నారని చివర్లో మాటవరసకు రాశారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి అదే, దాని దగ్గరికి వస్తాను.

ముందు జవాబు చెప్పేస్తాను. కొనండి, కానీ ఆయన చెప్పినంత కాదు. మిషను ఇప్పుడే వద్దు.

నేను ఈ చుట్టుపక్కలే 2006 నుంచి ఉంటున్నాను. నాకు గ్రీన్‌కార్డు 2012లో వచ్చింది. ఆ దసరాకి 22 ఎల్‌ఆర్ రైఫిల్ ఒకటి కొన్నాను. చిన్న తూటా, చవక, వారం వారం కాల్చుకున్నా జేబుకు చిల్లు పడదని అందరూ చెప్పారు. సరిగ్గా రెండు నెలలకు, డిసెంబరులో, కనెటికట్‌లోని శాండీ హుక్ పాఠశాలలో పిల్లల మీద కాల్పుల ఘోరం జరిగింది. తుపాకుల మీద కొత్త చట్టాలు వస్తాయన్న మాట పుట్టగానే జనం దుకాణాల మీద పడ్డారు. ఏ చట్టమూ తాకని 22 తూటాలే అందరికన్నా ముందు మాయమయ్యాయి, అందరికన్నా చివర తిరిగొచ్చాయి. పొద్దున దుకాణం తలుపు తీయకముందే పదిమంది పెద్దమనుషులు కాఫీ గ్లాసులు పట్టుకొని నిలబడేవారు. మనిషికి ఒక డబ్బా. నేను ఆఫీసుకు వెళ్లే దారిలో ఆగేసరికి దుకాణంలో అరలన్నీ ఖాళీ. రైఫిల్ రెండేళ్లు దాదాపు గోడవైపు చూస్తూ కూర్చుంది.

దాని నుంచి నేనేమైనా నేర్చుకున్నానా అంటే, లేదు. 2016 ఎన్నికలప్పుడు హిల్లరీ గెలుస్తుందని అందరూ ఎగబడి కొన్నారు. ఆవిడ ఓడిపోయేసరికి భయం పోయింది, బేరాలు పడిపోయాయి. రెమింగ్టన్ అంతటి పాత కంపెనీ 2018లో దివాలా పిటిషను వేసింది. 2019లో 9 ఎంఎం తూటా 17, 18 సెంట్లకు దొరికేది, తూటా అడుగున బిగించే ప్రైమర్లు వెయ్యి 30 డాలర్లకు అటూ ఇటూ. కొనుక్కోవలసింది అప్పుడు. ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను. మా అమ్మ ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో గుంటూరు మిరపకాయలు, కొత్త చింతపండు ఏడాదికి సరిపడా కొని డబ్బాలకెత్తేది. శ్రావణంలో ధర పెరిగాక కొట్టుకు పరిగెత్తడం ఆవిడ ఎరగదు. ఆవిడ కడుపున పుట్టి కూడా నాకు ఆ తెలివి రాలేదు.

2020 మార్చి సంగతి మీకు చెప్పనక్కరలేదు. కరోనా, తర్వాత వీధుల్లో గొడవలు, మళ్లీ ఎన్నికలు, అన్నీ ఒకే ఏడాదిలో. తుపాకీ కొనేటప్పుడు ఎఫ్‌బీఐ చేసే నేపథ్య తనిఖీలు 2019లో సుమారు 2 కోట్ల 84 లక్షలు, 2020లో సుమారు 3 కోట్ల 97 లక్షలు. కొత్తగా కొన్న ప్రతివాడికీ ఒకటో రెండో డబ్బాల తూటాలు కావాలి కదా. ఫ్యాక్టరీలు రాత్రింబగళ్లు నడిచినా చాల్లేదు. 18 సెంట్ల తూటా 70, 80 సెంట్లకు చేరింది.

అప్పుడు నేను చేసిన పని మీరు చేయకూడదనే ఇంత రాస్తున్నాను. తూటాలు దొరకడం లేదు కాబట్టి ఇంట్లోనే తయారుచేసుకుందామని 2020 ఆగస్టులో ప్రెస్సు, అంటే మీ పక్కింటాయన చెప్పిన ఆ మిషనే, కొన్నాను. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున ప్రైమర్, లోపల తుపాకి మందు, పైన గుండు. తొడుగులు రేంజిలో ఏరుకొచ్చి కడుక్కుంటే పదేసి సార్లు పనికొస్తాయి. గుండ్లు ఎవరో ఒకరు పోతపోసి అమ్ముతారు. మందు ఒకటి కాకపోతే ఇంకొకటి దొరుకుతుంది. ప్రైమర్ మాత్రం అలా కాదు. చూడటానికి మిరియపు గింజంత ఉంటుంది, చిన్న గిన్నెలాంటి లోహపు మూత, లోపల దెబ్బ తగిలితే నిప్పు రవ్వ పుట్టించే రసాయనం. ఒకసారి పేలితే అయిపోయింది, ఇంట్లో చేసుకునేది కాదు. దేశం మొత్తంలో దాన్ని పెద్ద ఎత్తున చేసేవాళ్లు నలుగురే: సీసీఐ, ఫెడరల్, వించెస్టర్, రెమింగ్టన్. కొరత వచ్చిందంటే వాళ్లు తమ ప్రైమర్లను ముందు తమ సొంత తూటాలకే వాడుకుంటారు, మిగిలితే మనకు. అందుకే ప్రెస్సు కొన్నవాళ్లందరూ ప్రైమర్ల దగ్గర చతికిలబడ్డారు. నేనూ అంతే.

2021 జనవరిలో ఒక గన్ షోలో, అంటే తుపాకుల సంతలో, ఒక మూల బల్ల మీద ప్రైమర్లు కనబడ్డాయి. వెయ్యి 120 డాలర్లు. నా వెనుక ఇద్దరు నిలబడి ఉన్నారు, వాళ్ల ఊపిరి నా మెడకు తగులుతోంది. రెండు వేలు తీసుకొని, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, ఏదో గెలిచినవాడిలా బయటికొచ్చాను. ఇంటికి వచ్చి దీపం కింద పెట్టె చూస్తే దాని మీద 'లార్జ్ రైఫిల్' అని ఉంది. 9 ఎంఎంకు కావలసింది స్మాల్ పిస్టల్. నా దగ్గర పెద్ద రైఫిలే లేదు. మా ఆవిడ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఇంకొకటి ఇంతకన్నా పెద్దది. నేను వాడే మందు దొరక్క, పెద్ద రేకుల్లా ఉండే వేరే మందు కొన్నాను. కొలతలు మాన్యువల్, అంటే ఏ తూటాకు ఎంత మందు పోయాలో చెప్పే పుస్తకం, చూసే పెట్టాను, అందులో తప్పు లేదు. కానీ ఆ రేకులు మందు పోసే సన్నటి గొట్టంలో ఒకదాని మీద ఒకటి అడ్డుపడి వంతెన కట్టేస్తాయని నాకు తెలియదు. ఒక తొడుగులో మందు పడనే లేదు. రేంజిలో కాలుస్తుంటే 'ఢాం' అనవలసినచోట 'టప్' అంది. అలవాటు కొద్దీ స్లైడు లాగి ఇంకోటి కాల్చబోతుంటే పక్క వరుసలోని పెద్దాయన కేకేసి ఆపారు. ప్రైమర్ ఒక్కటే పేలి గుండు పిస్టల్ గొట్టం మధ్యలో ఇరుక్కుంది. వెనక నుంచి రెండోది కాల్చి ఉంటే పిస్టల్ నా చేతిలోనే పగిలేది. కొరత రోజుల్లో ఏది దొరికితే అది పోసి పని కానిద్దామన్న తొందరలోనే ఇలాంటివి జరుగుతాయి. ఈ రోజుకీ గుండు పెట్టబోయే ముందు ప్రతి తొడుగులోకీ చిన్న లైటు వేసి చూస్తాను.

మీ లెక్కకు వద్దాం. నెలకు 200 అంటే ఏడాదికి 2400. ఏడాదిన్నరకు 3600. నాలుగు వేలు ఇంట్లో ఉంటే చాలు, వెయ్యి అయిపోగానే ఇంకో వెయ్యి తెచ్చి వెనకాల పెట్టి, పాతవి ముందు వాడాలి. 2020 లాంటిది వచ్చినా రేంజికి వెళ్లడం కాస్త తగ్గిస్తే దాటేస్తారు. వెయ్యి తూటాల పెట్టె సుమారు 27 పౌండ్లు తూగుతుంది, మన ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా కన్నా బరువు, కాబట్టి ఎత్తైన అరల్లో పెట్టకండి. ఈ నాలుగు వేలూ ఒక్క రోజులో కొనవద్దు, నెలకో పెట్టె చాలు. ఎన్నికల ముందు, పెద్ద ఘటనల తర్వాత వారాల్లో అసలు కొనవద్దు.

మిషను ఎందుకు వద్దన్నానంటే, 9 ఎంఎం తయారు తూటా ఇప్పుడు పాతిక సెంట్లకు దొరుకుతోంది. ఇంట్లో చేస్తే ప్రైమర్ 7, గుండు 9 లేదా 10, మందు 3 సెంట్ల లోపు, వెరసి ఇరవై దగ్గర తేలుతుంది. మందును గ్రెయిన్లనే చిన్న కొలతలో తూస్తారు, ఒక పౌండుకు 7000 గ్రెయిన్లు, 9 ఎంఎంకు 4, 5 గ్రెయిన్లు పడతాయి కాబట్టి పౌండు మందు సుమారు 1500 తూటాలకు వస్తుంది. ఇది ఖర్చు లెక్క మాత్రమే, పోసే కొలత మాత్రం మాన్యువల్‌లోనే చూసుకోవాలి. తూటాకు 5 సెంట్ల ఆదాతో ఏడాదికి 120 డాలర్లు మిగులుతాయి. ప్రెస్సు, డైలు (తూటాకు ఆకారమిచ్చే అచ్చులు), తూకం, తొడుగులు కడిగే యంత్రం కలిపి 600 అవుతుంది. అయిదేళ్లు పడుతుంది అసలు రావడానికి, మీ శనివారాలకు కూలి కట్టకుండా. దూరపు గురికి పెద్ద రైఫిల్ కాల్చేవారికి లెక్క వేరు, అక్కడ ఒక్కో తూటాకు డాలరు పైన మిగలవచ్చు. నాకు ఆ పనే ఇష్టం, బల్ల ముందు కూర్చుంటే ఫోను గుర్తురాదు, అందుకే మానలేదు. డబ్బు మిగులుతుందని మాత్రం ఎవరికీ చెప్పను.

పక్కింటాయన మాట పూర్తిగా గాలిమాట అనడం లేదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుండ్లకు, తుపాకి మందుకు మూలపదార్థమైన నైట్రోసెల్యులోజ్ కావలసి వచ్చి మందు గిరాకీ పెరిగింది, 2024లో అలయంట్ అనే కంపెనీ తన రీలోడింగ్ (ఇంట్లో తూటాలు చేసుకోవడం) మందుల సరఫరా నిలిపేసింది. అదే ఏడాది డిసెంబరులో చైనా అమెరికాకు యాంటిమొనీ ఎగుమతి ఆపింది, అది సీసాన్ని గట్టిపరచడానికీ ప్రైమర్లలోనూ వాడే లోహం (ఆ నిషేధాన్ని 2025 నవంబరులో తాత్కాలికంగా సడలించింది). రష్యా నుంచి వచ్చే చవక తూటాలకు 2021లోనే కొత్త అనుమతులు ఆగిపోయాయి. కొరతకు కారణాలు నిజమే. కానీ అరలు ఒక్క వారంలో ఖాళీ అయ్యేది వాటివల్ల కాదు, జనం భయపడి ఎగబడటం వల్ల. 2023 జూలై 20న మన భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపిందన్న వార్త రాగానే ఇక్కడి ఇండియన్ స్టోర్లలో ఏమైందో మీరూ చూసే ఉంటారు. మా వీధిలో ఒకాయన పదకొండు బస్తాలు తెచ్చి గరాజులో పెట్టారు. మరుసటి వేసవికి వాటిలో పురుగు పట్టింది, ఆ ఇంటావిడ మాకు రెండు బస్తాలు అంటగట్టబోయింది.

నిల్వ విషయానికొస్తే, గరాజు వద్దు, టెక్సస్ ఎండకు అక్కడ పెట్టినదేదీ బాగుండదు. ఇంటి లోపలి అల్మారా, రబ్బరు అంచున్న ఇనుప డబ్బాలు, తాళం. తూటాలు అలా దశాబ్దాలుంటాయి. పిస్టల్ వేరే తాళంలో. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లల చేతికందేలా పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీని వదిలేస్తే నేరం. ఎప్పటికైనా రీలోడింగ్ మొదలుపెడితే, మందును ఉక్కు బీరువాలో బిగించవద్దు, విడిగా ఉంటే మండేది బిగించి ఉంచితే బాంబవుతుంది. అగ్నిమాపక నియమావళుల ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల వరకు అసలు డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు, అది దాటితే 50 పౌండ్ల దాకా అంగుళం మందం చెక్కపెట్టెలో. ప్రైమర్లు పదివేలకు మించకూడదు, వాటిని కూడా కొన్న పెట్టెలోంచి తీసి సీసాలో పోయకండి, ఒకటి పేలితే అన్నీ పేలతాయి. మందు డబ్బా తీసినప్పుడు పుల్లటి ఘాటు వాసన గానీ ఎర్రటి పొగ గానీ వస్తే అది చెడిపోయినట్లే, ఆలోచించకుండా వదిలించుకోండి.

ఇక మీ తమ్ముడు. హెచ్1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది, అలాంటివి మరికొన్ని ఉన్నాయి గానీ వాటిని లాయరు దగ్గర తేల్చుకోవాలి. ఆ చట్టంలో 'అమ్యూనిషన్' అంటే పూర్తి తూటా ఒక్కటే కాదు, ఖాళీ తొడుగు, ప్రైమర్, గుండు, మందు అన్నీ అందులోకే వస్తాయి. మీతో రేంజికి వచ్చి సరదాగా నాలుగు కాల్చడం కూడా ఇబ్బందే. అల్మారా తాళం చెవి ఆయనకు తెలిసిన చోట ఉండకూడదు, తూటాల పెట్టె మోయడానికి సాయం పిలవకండి, కారు డిక్కీలో పెట్టెలుండగా కారు ఆయనకివ్వకండి. తర్వాత గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఇది తలనొప్పి అయితే ఆ పాపం మీదవుతుంది.

చివరగా ఒక సాయం. నేను కొన్న ఆ రెండు వేల లార్జ్ రైఫిల్ ప్రైమర్లు ఇప్పటికీ సీలు తీయకుండా పై అరలో ఉన్నాయి. మీ పక్కింటాయన అంత ముందుచూపున్న మనిషైతే రైఫిల్ తూటాలు తయారుచేసుకుంటూనే ఉంటారు, ఒకసారి అడిగి చూడండి. కొన్న ధరలో సగానికే ఇస్తాను.