వైన్‌లో నడిచే విండోస్ ప్రోగ్రాముకు ఫైలు దారి ఎలా ఇవ్వాలి?

లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములను నడిపే వైన్ ద్వారా ప్రోగ్రాము తెరుచుకుంటోంది కానీ మీరిచ్చిన ఫైలు లేదంటోందని అడిగారు. మీరు రాసిన దారి సరైనదే కావచ్చు. అయితే దాన్ని ముందుగా చదివేది టెర్మినల్‌లోని షెల్ (మనం టైపు చేసిన ఆదేశాలను చదివి నడిపేది), విండోస్ ప్రోగ్రాము కాదు.

నేను బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటాను. మా నాన్నగారి కథలు ఎప్పుడో డీటీపీలో కొట్టించినవి. ఆ పాత ఫాంట్ల అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాము నాకు విండోస్‌కే దొరికింది, నాది ఉబుంటు లినక్స్. మొదటి రాత్రి సి:\కథలు\పందిరి అని ఇస్తే, జవాబులో ఆ వాలు గీతలు (బ్యాక్‌స్లాష్‌లు) మాయమై సి:కథలుపందిరి అని ఉంది. అలా అతుక్కుపోయిన పేరు చూశాకే విషయం తెలిసింది. బ్యాక్‌స్లాష్ కనిపిస్తే షెల్ దాన్ని తీసేసి, తర్వాతి అక్షరాన్ని మాత్రమే ఉంచుకుంటుంది. దారి మొత్తాన్ని ఒంటి కొటేషన్లలో పెట్టండి: 'సి:\నాన్న కథలు\పందిరి'. పేరు మధ్యలోని ఖాళీకీ ఇదే మందు.

ఇక సి: అంటే మీ హోమ్‌లో దాగి ఉండే .వైన్ ఫోల్డరులోని డ్రైవ్_సి. మామూలుగా జెడ్: అంటే రూటు (అన్నిటికీ పైనున్న ఫోల్డరు) నుంచి మొత్తం లినక్స్. డ్రైవ్_సి పక్కనే ఉన్న డాస్‌డివైసెస్ ఫోల్డరు తెరిచి చూడండి, ఈ డ్రైవు అక్షరాలన్నీ అక్కడ లంకెలుగా కనిపిస్తాయి.

నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది వేరే సంగతి. ప్రోగ్రాము పేరును లినక్స్ పద్ధతిలో ఇచ్చినా వైన్ పోల్చుకుంటుంది. దాని వెనుక ఇచ్చే ఫైలు దారిని మాత్రం మార్చకుండా అలాగే ప్రోగ్రాముకు అందిస్తుంది. స్లాష్‌తో మొదలయ్యే మాటను చాలా విండోస్ ప్రోగ్రాములు ఫైలు అనుకోవు, తమకిచ్చిన ఆప్షన్ అనుకుంటాయి. కొన్నిచోట్ల ఆ దారి పనిచేస్తుంది కూడా, అందువల్లే తప్పు ఎక్కడుందో త్వరగా దొరకదు. అందుకని దారిని చేత్తో రాయడం మానేశాను. వైన్‌తోనే వచ్చే, దారులను మార్చే వైన్‌పాత్ అనే ఆదేశానికి -డబ్ల్యూ ఆప్షన్, లినక్స్ దారి ఇస్తే, మామూలుగా జెడ్:తో మొదలయ్యే విండోస్ దారి చేతికొస్తుంది. -యు ఇస్తే తిరిగి లినక్స్ దారి. స్క్రిప్టులో డాలరు గుర్తు వేసి, బ్రాకెట్లలో వైన్‌పాత్‌ను పిలిచి, మొత్తానికి జంట కొటేషన్లు పెట్టండి. ఆ కొటేషన్లు మరిచిపోతే ఖాళీ ఉన్న పేర్లు మళ్లీ ముక్కలవుతాయి. నాన్నగారి 43 కథలూ ఆ ఒక్క వరుసతోనే మారాయి.

మీ ప్రోగ్రాము తన సొంత ఫైళ్లనే వెతుక్కోలేకపోతుంటే, ముందు సీడీ అనే ఆదేశంతో దాని ఫోల్డరులోకి వెళ్లి అక్కడి నుంచి నడపండి.

అప్పటికీ దొరకకపోతే, మీరు టైపు చేసిన వరుసనూ వచ్చిన జవాబునూ ఒక్క గుర్తు కూడా మార్చకుండా ఇక్కడ పెట్టండి, చూస్తాను.