క్లినిక్‌లో తిరిగే పిల్లి మా కుక్క కన్ను గీరింది, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ప్రశ్న: మా పగ్‌కి చెవి దురదగా ఉంటే వెటర్నరీ క్లినిక్‌కి తీసుకెళ్లాను. అక్కడ వాళ్లు పెంచుకునే పిల్లి ఒకటి వెయిటింగ్ హాల్లో ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంటుంది, మహా పొగరుబోతు పిల్లి. నేను కౌంటర్ దగ్గర పేరు రాయిస్తుంటే అది టేబుల్ మీంచి కిందికి దూకింది. మావాడు వాసన చూడబోయాడు, పంజాతో ఒక్కటిచ్చింది. లీష్ నా చేతిలోనే ఉంది. కంట్లో పుండు పడింది. ఆ రోజు ఫ్రీగా చూశారు, ఆ తర్వాత ఐదుసార్లు వెళ్తే ఐదుసార్లూ బిల్లు వేశారు. ఇదేంటని అడిగితే ‘గోడ మీద బోర్డు ఉంది కదా, మీ కుక్కను మీరే పట్టుకోవాలి’ అంటున్నారు. నాకు డబ్బు తిరిగొస్తుందా? ఒకవేళ మావాడే ఆ పిల్లిని కరిచి ఉంటే నా పరిస్థితి ఏంటి?

జవాబు: డబ్బు రాబట్టుకునే అవకాశం మీకు బాగానే ఉంది, మొత్తం కాకపోయినా ఎక్కువ భాగం. కాకపోతే ఆ ‘పొగరుబోతు పిల్లి’ అన్న మాట మాత్రం ఇక్కడే వదిలేయండి. పిల్లి పొగరు మీద కేసు కడితే ఓడిపోతారు, ఆ హాలు నడిపే తీరు మీద కడితే నిలబడుతుంది. మీరు ఏ దేశం నుంచి రాశారో చెప్పలేదు కాబట్టి సెక్షన్ల జోలికి పోకుండా, చాలాచోట్ల పనికొచ్చే సూత్రాలే చెప్తాను.

పిల్లి గుణం గురించి వాదన మొదలుపెట్టారంటే అవతలి లాయరు ముందుగా తీసేది బకల్ వర్సెస్ హోమ్స్ అనే తీర్పు, 1926 నాటిది, ఇంగ్లండ్ కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఇచ్చింది. ఒకాయన పిల్లి పక్కవాళ్ల స్థలంలోకి దూరి 13 పావురాలను, రెండు బాంటమ్ కోళ్లను చంపేసింది. పిల్లులు మామూలుగా చేసే పనే అది చేసింది, దానికి యజమానిని పట్టుకోవడం కుదరదు అన్నారు జడ్జీలు. సాధుజంతువు ఏదైనా మామూలుగా చేయని కీడు చేస్తుందని, దాని యజమానికి ఆ సంగతి ముందే తెలుసని చూపిస్తేనే ఆ పాత సూత్రం కింద బాధ్యత పడుతుంది. మొహం మీదికొచ్చిన కుక్కకి పంజా విసరడం ఏ పిల్లికైనా మామూలే కదా, అక్కడే మీ కేసు కూలుతుంది.

అయితే ఆ పావురాల కేసులో పిల్లి తనంతట తాను పక్కింటికి పోయింది. మీ కేసులో పిల్లి ఎక్కడికీ పోలేదు, మీ కుక్కే దాని ఇంటికి వచ్చింది, అదీ పిలిస్తే వచ్చింది. పొద్దున్నుంచి రాత్రి దాకా కుక్కలు వచ్చి పోయే గదిలో, అవి వస్తాయని తెలిసీ, పిల్లిని వదిలింది క్లినిక్ వాళ్లు. ఇది జంతువు తప్పు కింద రాదు, మామూలు నిర్లక్ష్యం కింద వస్తుంది, అంటే మనుషుల్ని రమ్మని చెప్పి తెరిచిన చోటును జాగ్రత్తగా ఉంచాల్సిన బాధ్యత కింద.

దీనికి పనికొచ్చే తీర్పు ఫార్డన్ వర్సెస్ హార్కోర్ట్-రివింగ్టన్, 1932, అప్పట్లో ఇంగ్లండ్‌కి పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చింది. ఆగి ఉన్న కారులో వదిలేసిన కుక్క ఎగిరెగిరి అద్దం పగలగొట్టింది, పక్కనుంచి వెళ్తున్న మనిషి కంట్లో గాజుముక్క గుచ్చుకుని కన్నే తీసేయాల్సి వచ్చింది. పాపం ఆయన కేసు ఓడిపోయాడు. జరగడానికి సహేతుకంగా వీలున్నవాటికి జాగ్రత్తపడాలి గానీ, ఊహకి కూడా అందని వాటికి కాదు అన్నారు. కానీ అదే తీర్పులో జడ్జీల్లో ఒకరైన లార్డ్ అట్కిన్ ఇంకో మాట కూడా అన్నారు: జంతువుల ప్రత్యేక సూత్రాల సంగతి అటుంచితే, తన జంతువును పక్కవాళ్లకి హాని కలిగించే తీరులో ఉంచకూడదన్న మామూలు బాధ్యత ప్రతి యజమానికీ ఉంటుందని. మీరు పట్టుకోవాల్సింది ఆ మాటనే. వెటర్నరీ హాల్లో పిల్లి, కుక్క ఎదురుపడి పంజా దెబ్బ పడటం ఊహకి అందని విషయమా? ఈ వృత్తిలో వాళ్లకే అది బాగా తెలుసు. క్యాట్ ఫ్రెండ్లీ క్లినిక్ అని అంతర్జాతీయంగా గుర్తింపు ఇచ్చే పద్ధతి ఒకటుంది, దాని ప్రమాణాలు చూడండి, వెయిటింగ్ దగ్గర పిల్లుల్ని కుక్కలకి దూరంగా, వీలైతే కంటికి కూడా కనపడకుండా ఉంచమంటాయి. అవి వైద్యానికి వచ్చే పిల్లుల కోసం రాసినవే, ఒప్పుకుంటా. కానీ ఎదురుపడితే ఏమవుతుందో వృత్తికి తెలుసని చూపించడానికి అంతకంటే మంచి కాగితం దొరకదు.

నేనూ మా కుక్కను తీసుకెళ్లే క్లినిక్‌లో ఇలాంటి పిల్లి ఉండేది. కుక్కల్ని తూచే మిషన్ ఉంటుందే, నేల మీద పరిచినట్టు ఉండే వెడల్పాటి పలక, సరిగ్గా దాని మీదే పడుకునేది, గోడ మీద డిస్‌ప్లేలో 4.6 అని వెలుగుతుండేది. ‘ముందు బరువు చూడండి’ అని సిస్టర్ చెప్పగానే ప్రతి కుక్కనూ నేరుగా పిల్లి మీదికే తీసుకెళ్లాలన్నమాట! అందరూ ఫొటోలు తీసుకునేవాళ్లు, నేనూ తీశాను. ఇలాంటి ఫొటో మీ క్లినిక్ సొంత పేజీలో ఉంటే దాచుకోండి. కుక్కలు నడిచే దారిలో పిల్లి ఉండటం వాళ్లకి తెలుసని, అలాగే ఉండనిచ్చారని అది చెప్తుంది.

ఇక బోర్డు. బోర్డు పెట్టగానే బాధ్యత తీరిపోదు. ఇంగ్లండ్‌లోనైతే 1977 నాటి చట్టం నుంచీ, నిర్లక్ష్యంతో మనిషికి దెబ్బ తగిలితే ఏ నోటీసూ వ్యాపారాన్ని కాపాడదు, ఆస్తికి (అక్కడి చట్టం లెక్కలో కుక్క కూడా దీని కిందికే వస్తుంది) నష్టమైతే ఆ నోటీసు న్యాయంగా ఉంటేనే చెల్లుతుంది. అందుకే బోర్డు మీద సరిగ్గా ఏముందో ఫొటో తీయండి. ‘జంతువుల్ని పట్టుకోండి’ అని మాత్రమే ఉంటే మీరు పట్టుకునే ఉన్నారు. ‘మా పిల్లికి కుక్కలంటే పడదు, జాగ్రత్త’ అని ఉంటే మాత్రం నాకు ఇంకా సంతోషం, ఎందుకంటే పిల్లికి కుక్కలు పడవని తెలిసీ కుక్కల హాల్లో వదిలామని వాళ్లే రాసి గోడకి అంటించినట్టు. అయితే అదే బోర్డు మీరు చదివీ దగ్గరికి పోనిచ్చారని వాళ్లూ వాదిస్తారు.

ఇక్కడ మీ వైపు తప్పు కూడా ఒకసారి చూసుకోవాలి, కోపం తెచ్చుకోకండి. లీష్ చేతిలో ఉందన్నారు సరే, ఎంత వదులుగా ఉంది? లాగితే సాగి, బటన్ నొక్కితే చుట్టుకునే రకమైతే చేతిలో ఉన్నా లేనట్టే. ఇంకో చేత్తో ఫోన్ చూస్తున్నారా? కుక్క రెండడుగులు ముందుకేస్తుంటే ఆపారా, ‘హాయ్ చెప్పు’ అని వదిలారా? సీసీ కెమెరాలో అదంతా కనపడుతుంది. కొంత తప్పు మీదేనని తేలితే చాలా దేశాల్లో కేసు మొత్తం పోదు, ఆ మేరకు పరిహారం కోస్తారు. పిల్లి పైనుంచి మీ కుక్క ముందుకి దూకిందనేది మీకు బలం, కుక్కే పిల్లి దగ్గరికి నడిచి వెళ్తే ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ణి కాదు.

ఇది మీకు జరిగింది కాదు గానీ చెప్పాలి: లీష్ సిబ్బంది చేతికిచ్చి లోపలికి పంపాక దెబ్బ తగిలితే కథ పూర్తిగా వేరు. అప్పుడు కుక్క వాళ్లకి అప్పగించిన సొత్తు, జాగ్రత్తగా చూసుకున్నామని వాళ్లే చూపించుకోవాలి. హాల్లో ఉన్నంతసేపూ రుజువు భారం మీదే.

ఆ రుజువు సంగతికొస్తే, అన్నిటికంటే ముందు ఈరోజే ఒక మెయిల్ పెట్టండి, ఫలానా తేదీ ఫలానా సమయం నాటి కెమెరా రికార్డు చెరిపేయకుండా ఉంచమని. ఆ రికార్డులు కొన్ని రోజుల్లోనో వారాల్లోనో వాటంతటవే చెరిగిపోతాయి. ఆ తర్వాత ఆ రోజు కేస్ షీట్ కాపీ అడగండి. పగ్ కళ్లు ఉబ్బెత్తుగా ఉంటాయి, వాటికి పుండ్లు తేలిగ్గా పడతాయి, కాబట్టి ‘ఇది పాత పుండే’ అనడం వాళ్లకి సులువు. మీరు వెళ్లింది చెవి కోసం, అందులో కంటి బాధ మాట లేకపోతే ఆ వాదన అక్కడే తేలిపోతుంది. కంట్లో నారింజ రంగు స్ట్రిప్ తాకించి నీలి లైటు వేస్తే పుండు పడ్డ చోటు పచ్చగా మెరుస్తుంది, ఆ ఫొటో తీసి ఉంటే తీసుకోండి, గీత ఆకారం చూసి వేరే డాక్టరు అది గోరు గాయమా కాదా అన్నదాని మీద అభిప్రాయం రాయగలరు. ఇక పగ్ కాబట్టే ఇంత దెబ్బ తగిలింది, వేరే కుక్కకైతే ఏమీ కాదు అనే వాదన పనిచేయదు. దెబ్బతిన్న వాడు సున్నితమైన వాడైతే నష్టం మొత్తం భరించాల్సిందే అనేది పాత సూత్రం.

డబ్బు ఎంత అంటారా, ఇక్కడ మీ ఆశ కొంచెం తగ్గించుకోవాలి. చాలా దేశాల చట్టం దృష్టిలో కుక్క ఇంకా ఆస్తే. వైద్యం బిల్లులు, మందులు, రానుపోను ఖర్చు అడగొచ్చు, మీ మనోవేదనకి పెద్ద మొత్తం వస్తుందని మాత్రం చెప్పలేను. ‘కుక్క విలువకంటే వైద్యం ఖర్చే ఎక్కువైంది కదా’ అని కొందరు లాయర్లు అంటుంటారు. జర్మనీ వాళ్లు ఆ వాదనకి 1990లోనే సమాధానం రాసేశారు, జంతువులు వస్తువులు కావని సివిల్ కోడ్‌లో చేర్చి, వైద్యం ఖర్చు జంతువు విలువను బాగా మించినంత మాత్రాన అది అతి అయిపోదని కూడా రాశారు. మిగతా చోట్ల జడ్జిని బట్టి ఉంటుంది.

మీవాడే పిల్లిని కరిచి ఉంటే ఏంటన్నారు. కుక్కల విషయంలో కొన్ని దేశాల చట్టాలు పిల్లులకంటే చాలా కఠినం, మీ తప్పుందా లేదా అని చూడకుండానే బాధ్యత వేస్తాయి. కానీ అక్కడా ఇదే హాలు మీకు సాయానికొస్తుంది. లీష్‌లో ఉన్న కుక్క మూతి ముందుకి పిల్లిని దూకనిచ్చింది వాళ్లే కాబట్టి వాళ్ల వాటా కూడా లెక్కేస్తారు. లీష్ లేకపోతే మాత్రం ఇవన్నీ మర్చిపోండి. ఇంకోటి, ఆ గొడవలో మీ చేతికి గానీ గీత పడి ఉంటే ఆ కేసు వేరు, బోర్డు అక్కడ అసలు పనిచేయకపోవచ్చు, కానీ ముందు సబ్బుతో 15 నిమిషాలు కడుక్కుని డాక్టరు దగ్గరికెళ్లండి, లాయరు తర్వాత.

కోర్టుకి వెళ్లేముందు ఒక పేజీ ఉత్తరం రాయండి. జరిగింది, తేదీ, బిల్లుల మొత్తం, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో, అంతే, పిల్లి మీద ఒక్క విశేషణం కూడా వద్దు. చాలా క్లినిక్‌లకి ఇన్సూరెన్స్ ఉంటుంది, ఉత్తరం అక్కడికి చేరితే సగం వ్యవహారాలు అక్కడే తెమిలిపోతాయి. మొదటి రోజు ఫ్రీగా చూశారని దాన్నే తప్పు ఒప్పుకున్నట్టు రాయకండి, మర్యాదకి చేశామంటారు. ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అనే కాగితం మీద సంతకం పెట్టమని సగం డబ్బు చేతిలో పెడితే, కన్ను పూర్తిగా మానేదాకా ఆగండి. ఈలోపు మళ్లీ చూపించుకోవాలంటే వేరే డాక్టరు దగ్గరికెళ్లినా తప్పులేదు, అక్కడికే వెళ్లాల్సి వస్తే మాత్రం బిల్లు కట్టేటప్పుడు రసీదు రెండు కాపీల మీదా ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని రాసి తేదీ వేయండి.