పాత డీరెయిలర్‌ను విప్పే ముందు

చి. కిరణ్‌కి,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. అది సైకిల్ వెనక చైనును ఒక గేరు మీంచి ఇంకో దాని మీదికి జరిపే డీరెయిలర్, ఇటలీ కంపెనీ కాంపాగ్నోలో చేసిన న్యూవో రికార్డ్. 1967లో వచ్చిన మోడల్, చాలా ఏళ్లు తయారైంది కాబట్టి విడిభాగాలకు మరీ కటకట ఉండదు. దాని ఒంటి మీద పేటెంట్ ముద్ర, పక్కన రెండంకెలు ఉంటాయి. 74 అని ఉంటే 1974లో చేసినదన్నమాట. విప్పకముందే ఆ అంకెలు రాసి పెట్టుకో.

మెరుగుపెట్టడం నుంచి మొదలుపెడతానన్నావు. అది ఆఖరి పని నాయనా. ముందు ఆ వస్తువు పనికొస్తుందో లేదో తేల్చుకో. చైను తిరిగే రెండు చిన్న పళ్లచక్రాలు (పుల్లీలు) ఉండే చట్రమే కేజ్. కింది పుల్లీ దగ్గర దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపు. లూజు రెండు చోట్ల ఉండొచ్చు. కేజ్ తిరిగే బోల్టు దగ్గరుంటే శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, అరిగిన బోల్టు మారిస్తే చాలావరకు పోతుంది. డీరెయిలర్ ఒంట్లో లోపలా బయటా కదిలే రెండు పలకల్ని కలిపే పిన్నుల దగ్గరుంటే మాత్రం బాగుచేయడం కష్టం, వాటి కొసలు సాగగొట్టి బిగించి ఉంటాయి. కొద్దిపాటి లూజు ఉన్నా క్లిక్కులు లేని ఫ్రిక్షన్ లివర్‌తో నడిచిపోతుంది, ఎందుకంటే గేరు ఎక్కడ పడిందో చెయ్యే వెతుక్కుంటుంది. క్లిక్ క్లిక్‌మనే ఇండెక్స్ లివర్‌తో నడవదు.

తర్వాత భూతద్దం పెట్టి బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకంత చీలిక ఏమైనా ఉందేమో చూడు. ఉంటే దాన్ని తొక్కే సైకిల్‌కి బిగించొద్దు. నీ దగ్గరున్న రెండోది, ఆ ప్లాస్టిక్ సింప్లెక్స్ ప్రెస్టీజ్, ఎటూ అలమరాకే. దాని డెల్రిన్ అనే ప్లాస్టిక్ వయసైపోయి బోల్టుల దగ్గర పగులుతుంది, అతికితే నిలవదు.

విప్పేటప్పుడు ప్రతి దశలోనూ ఫొటో తీసుకో. ముందు రెండు పుల్లీలు తియ్యి. ఏది పైది, ఏది కిందది, ఏ ముఖం బయటికి ఉందో దారం కట్టి గుర్తు పెట్టుకో. తర్వాత కేజ్‌ని ఆపే చిన్న స్క్రూ. అది తీస్తున్నప్పుడు కేజ్‌ని రెండో చేత్తో గట్టిగా పట్టుకో, లేకపోతే లోపలి స్ప్రింగ్ ఒక్కసారిగా విప్పుకుని వేలికి కొడుతుంది. స్ప్రింగ్ కొస ఏ రంధ్రంలో ఉందో, కేజ్ ఎంత చుట్టు తిరిగిందో చూసుకుంటే తిరిగి బిగించడం పది నిమిషాల పని. చూసుకోకపోతే పూటంతా పడుతుంది. ఒంటి పలకల మధ్య ఉన్న పెద్ద స్ప్రింగ్ జోలికి మాత్రం వెళ్లకు. దాన్ని తియ్యకుండానే శుభ్రం చెయ్యొచ్చు.

కడగడానికి కిరసనాయిలు, పాత టూత్ బ్రష్ చాలు. ఓ రాత్రి నాననిచ్చి, పలకల్ని కదుపుతూ పిన్నుల దగ్గర నల్లటి మడ్డి రావడం ఆగేదాకా కడుగు. కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్లు వాడితే అవి అల్యూమినియాన్ని నల్లబరిచి తినేస్తాయి. తుప్పు పట్టిన ఉక్కు బోల్టుల్ని మాత్రం విడిగా లీటరు నీళ్లకు 50 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లంలో కొన్ని గంటలు ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి, ఆరగానే నూనె రాయి. ఆ ఆమ్లం విషం, చేతికి తొడుగులు వేసుకో. స్ప్రింగులు అందులో వెయ్యొద్దు. ఆమ్లంలో నానితే గట్టి ఉక్కు పెళుసెక్కి, తర్వాతెప్పుడో బిగింపులో ఉండగా పుటుక్కుమంటుంది.

పుల్లీల పళ్లు తుమ్మముల్లులా సన్నబడి ఉంటే మార్చు. కొత్తవి 10 పళ్లవే తీసుకో. 11 పళ్లది పెడితే కేజ్ పలకలకో స్టాప్‌కో రాసుకోవచ్చు. కొనేముందు వెర్నియర్ కాలిపర్‌తో రెండు కొలతలు తియ్యి. బోల్టు మందం ఒకటి, కేజ్ పలకల మధ్య ఖాళీ రెండోది. లోపలి బుష్, అంటే బోల్టు చుట్టూ ఉండే చిన్న గొట్టం, పుల్లీ కంటే వెంట్రుకవాసి పొడవుండాలి, లేకపోతే బోల్టు బిగించగానే పుల్లీ బిగుసుకుపోతుంది. సీల్డ్ బేరింగ్ పుల్లీలు పెడితే తప్పేం లేదు, శుభ్రం చేసే బాధ తగ్గుతుంది. సెరామిక్ బేరింగులకు డబ్బు తగలేయకు. పైది పక్కలకు కదిలే రకం కాకుండా చూసుకో. ఆ కదలిక ఇండెక్స్ గేర్ల కోసం పెట్టింది, ఫ్రిక్షన్ లివర్‌తో గేరు పడడం మందగిస్తుంది. పుల్లీ బోల్టులకు తక్కువ బలం ఉండే థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క, మిగతా మరలకు గ్రీజు.

ఇక ఎక్కువమంది వదిలేసేది హ్యాంగర్, అంటే ఫ్రేమ్‌కు డీరెయిలర్ వేలాడే చెవి. గేర్లు సరిగా పడకపోతే డీరెయిలర్‌ని తిడతారు. చాలాసార్లు తప్పు వంకరపోయిన హ్యాంగర్‌ది. హ్యాంగర్‌కి బిగించి రిమ్ దాకా దూరం కొలిచే హ్యాంగర్ గేజ్‌తో రిమ్ చుట్టూ నాలుగు చోట్ల దూరం చూడు, తేడా 4 మిల్లీమీటర్లు దాటకూడదు. ఉక్కు ఫ్రేమ్ అయితే గేజ్‌తోనే నెమ్మదిగా వంచొచ్చు. హ్యాంగర్‌లో డీరెయిలర్ బోల్టు ఎక్కే మర కూడా చూసుకో. పాత కాంపాగ్నోలో మర 10 మి.మీ. మందం, అంగుళానికి 26 చుట్లు. ఇప్పటిది 10 మి.మీ. మందం, చుట్టుకీ చుట్టుకీ మధ్య 1 మి.మీ. రెండూ దగ్గర దగ్గరే కాబట్టి చాలాసార్లు ఎక్కుతుంది, కానీ వేలితో తిప్పి మొదలుపెట్టు. బిగుసుకుంటే ఆగు, బలవంతం చెయ్యకు.

నీ ఇష్టానికి మార్చుకునే సంగతి. వెనక 32 పళ్ల దాకా ఉన్న ఫ్రీవీల్ (వెనక గేర్ల గుత్తి) కావాలన్నావు. న్యూవో రికార్డ్‌తో 26, మహా అయితే 28 దగ్గర ఆగు. దీని పై బోల్టుకు స్ప్రింగ్ లేదు, పలకలు ఏటవాలుగా కదలవు. అందుకని వెనక పెద్ద పళ్లచక్రానికి సరిచేస్తే చిన్నదాని దగ్గర పుల్లీ దూరంగా ఉండిపోయి, గేరు బద్ధకంగా పడుతుంది. ఏటవాలు పలకలు 1964లో జపాన్ కంపెనీ సన్‌టూర్ తెచ్చింది. 1984లో ఆ పేటెంట్ ముగిశాక మిగతావాళ్లూ అందుకున్నారు. కొండలెక్కాలంటే సన్‌టూర్ సైక్లోన్ జీటీ లాంటి పొడుగు కేజ్‌ది వేరే కొనుక్కో, దీన్ని కోసి అతికించకు. గేర్లు మారినప్పుడు చైనులో వచ్చే వదులు లెక్క కూడా వేసుకో. ముందు పళ్లచక్రాలు 52, 42, వెనక 14 నుంచి 28 అయితే ముందు తేడా 10, వెనక తేడా 14, కలిపి 24 పళ్లు. నీ కేజ్ అంత వదులు లాగగలగాలి.

1970లలో బరువు తగ్గుతుందని కేజ్‌కి బెజ్జాలు కొట్టేవారు. చూడ్డానికి బాగుంటుంది, తగ్గేది గ్రాముల్లో. కొట్టాలనుంటే అసలు పలకలు దాచిపెట్టి, వేరే కేజ్ మీద కొట్టు. ఒంటి మీద, బోల్టుల దగ్గర మాత్రం డ్రిల్ ఆనించకు. మెరుగుకి 800, 1200, 2000 నంబర్ వాటర్ పేపర్ తడిపి రుద్ది, ఆపైన మెటల్ పాలిష్. లోగో మీద రుద్దితే అది తిరిగి రాదు.

బిగించాక గేరు కేబుల్‌కి కొత్త 1.2 మి.మీ. ఇన్నర్ (లోపలి తీగ), కొత్త ఔటర్ (పైతొడుగు) వెయ్యి. పాత ఔటర్‌లో పేరుకున్న తుప్పు డీరెయిలర్ తప్పుగా కనబడుతుంది. చైను 6, 7, 8 గేర్లకు అమ్మే సాధారణ రకం సరిపోతుంది. దాన్ని డీరెయిలర్‌లోంచి పోనివ్వకుండా ముందూ వెనకా పెద్ద పళ్లచక్రాల మీద చుట్టి, అదనంగా ఒక అంగుళం ఉంచి కొయ్యి. తర్వాత డీరెయిలర్ ఎంతవరకు కదలాలో ఆపే లిమిట్ స్క్రూలు. స్టాండ్ మీద సైకిల్‌ని నిలబెట్టి, వెనక పెద్ద పళ్లచక్రం మీదికి గేరు వేసి, లివర్‌ని ఇంకా గట్టిగా లాగు. కేజ్ ఊచలకు తగలకుండా ఆగాలి. ఆ ఒక్కటీ సరిచూసుకోకుండా రోడ్డెక్కకు. కేజ్ ఊచల్లో ఇరుక్కుంటే డీరెయిలర్, హ్యాంగర్, చక్రం మూడూ ఒకేసారి పోతాయి.

ముందు ఆ లూజు ఎక్కడుందో చూసి ఉత్తరం రాయి. పుల్లీలు అప్పుడు కొందువుగాని.

నీ
బాబాయి