వంటాట మానేసిన అబ్బాయి

ప్రశ్న: మా బాబుకు అయిదేళ్లు. మొన్నటిదాకా మా ఆడపడుచు కూతురితో కలిసి లక్కపిడతలతో వంటాట ఆడేవాడు. బడిలో చేరాక, గులాబీ రంగు అమ్మాయిలదంటూ నీళ్ల సీసా వద్దన్నాడు. ఇప్పుడు వంటాట కూడా మానేశాడు. ‘మగపిల్లాడికి అదెందుకు, మానేయడమే మంచిది’ అంటున్నారు మా అత్తగారు. నేను అనవసరంగా బాధపడుతున్నానా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ బాధ అనవసరమైనది కాదు. సీసా మార్చినందువల్ల నష్టమేమీ లేదు గానీ, ఆ రంగు వెంట ఒక ఆట కూడా పోయింది చూశారా, ఆలోచించవలసింది దాని గురించే.

గులాబీ రంగు ఆడపిల్లలదే అన్నది ప్రకృతి పెట్టిన నియమం కాదు. 1918లో అమెరికాలో పిల్లల దుస్తుల వ్యాపారుల పత్రిక ఒకటి, గులాబీ గట్టి రంగు కనుక మగపిల్లలకూ, నీలం సున్నితమైనది కనుక ఆడపిల్లలకూ నప్పుతుందని రాసింది. మన ఏటికొప్పాక బొమ్మల్లో బొంగరానికీ లక్కపిడతకూ అవే ఎరుపు, పసుపు రంగులు. 2011లో వెనెస్సా లోబ్యూ, జూడీ డిలోష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 7 నెలల నుంచి 5 ఏళ్ల వరకు ఉన్న పిల్లల ముందు రెండేసి వస్తువులు పెట్టి, వాటిలో ఒకటి గులాబీ రంగుది ఉండేలా చూసి గమనించినప్పుడు, రెండున్నరేళ్లకు ఆడపిల్లలు ఆ రంగును కోరుకోవడం, వయసు పెరిగేకొద్దీ మగపిల్లలు దాన్ని వదిలేయడం కనిపించింది. మీవాడూ తోటిపిల్లల్లో కలవడానికే ఆ మాట నేర్చుకుని ఉంటాడు. దానికి అతన్ని కోప్పడకండి, గులాబీ రంగు సీసానే పట్టుకెళ్లమని పంతం పట్టకండి.

వంటాటను మాత్రం వదలనివ్వకండి. ఇసుక అన్నాన్ని ఆకులో వడ్డించి, లేని వేడిని ఉఫ్ మని ఊది, ‘ఇంకొంచెం వెయ్యనా?’ అని అడిగి ఎదుటివాళ్ల జవాబు కోసం ఆగే పిల్లవాడు, ఇతరుల ఆకలిని పట్టించుకోవడం నేర్చుకుంటున్నాడు. ఆ నేర్పు మగపిల్లలకు అక్కర్లేదని అనుకున్న ఇళ్లలోనే పెద్దయ్యాక భారమంతా ఒక్క మనిషి మీద పడుతోంది.

అత్తగారితో వాదనకు దిగడం కన్నా, పెళ్లిళ్లలో గాడిపొయ్యి ముందు గరిటె పట్టేది ఎక్కువగా మగవాళ్లే కదా అని నెమ్మదిగా గుర్తుచేయండి. ఆవిడకు అది తెలియని సంగతి కాదు. అంతకన్నా గట్టిగా పనిచేసేది మీవారు బాబు పక్కన కూర్చుని, వాడు వడ్డించింది తినడం. వీలైతే బడిలో టీచరుగారితోనూ మాట్లాడి, బొమ్మలు పంచేటప్పుడు అమ్మాయిలవి, అబ్బాయిలవి అని విడదీయవద్దని కోరండి.

ఆడపడుచు కూతురినీ మరచిపోవద్దు. దిమ్మెలు పేర్చి గోడ నిలబెట్టే ఆటలో పొడవు, ఎత్తు, బరువుల అంచనా అలవడుతుంది. ఆ పెట్టెల మీద చాలాసార్లు అబ్బాయిల బొమ్మలే ఉంటాయి కాబట్టి, ఎవరో ఒకరు కొని ఇస్తే తప్ప అది తన చేతికి రాదు. ఈసారి ఆ పాప పుట్టినరోజుకు అదే ఇవ్వండి.