రోమన్ చక్రవర్తుల వెండి నాణేలు: 12 మంది సీజర్లు కాదు, ముందు ఒక కుటుంబం

మీరు అడిగినవి నాలుగు సంగతులు. జూలియస్ సీజర్ నుంచి డొమీషియన్ దాకా 12 మంది సీజర్ల ముఖాలున్న వెండి నాణేలతో సేకరణ మొదలుపెట్టొచ్చా, ఖర్చు ఎంతవుతుంది, నకిలీని ఎలా పట్టుకోవాలి, ఆ 12 మందిలో ఒకడైన టైబీరియస్ నాణెం ఆన్‌లైన్‌లో 6 వేల రూపాయలకు కనిపించింది, అది కొనొచ్చా.

నేను ఉండేది ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో. రోమన్ వెండి నాణేల పిచ్చి ఇక్కడికి వచ్చాకే పట్టుకుంది. నా అనుభవం మీద చెప్తున్నాను, 12 మంది సీజర్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఒకే కుటుంబాన్ని ఎంచుకోండి. అందులోనూ క్రీ.శ. 193లో గద్దెనెక్కిన సెప్టిమియస్ సెవెరస్ కుటుంబమైతే మీ డబ్బుకీ, మీ ఆసక్తికీ రెండింటికీ న్యాయం జరుగుతుంది.

12 మంది సీజర్లతో వచ్చే చిక్కు ఏమిటంటే, అందులో కొందరి నాణేలు చాలా అరుదు. జూలియస్ సీజర్ బతికుండగా ఆయన ముఖంతో వెండి నాణేలు వేసింది క్రీ.పూ. 44లో, హత్యకు ముందు కొద్దికాలమే. ఒథో క్రీ.శ. 69లో మూడు నెలలు మాత్రమే పాలించాడు. కాలిగులా వెండి నాణేలు దొరకడమే కష్టం. జూలియస్ సీజర్ ముఖమున్న నాణెం కాస్త మంచి స్థితిలో కావాలంటే వేల పౌండ్లు పెట్టాలి. అంత పెట్టలేక చాలామంది బాగా అరిగిపోయినవి కొని వరస పూర్తి చేస్తారు. పెట్టె నిండుతుంది కానీ అందులో ఉన్న వాళ్లందరూ ముక్కూ మొహం తెలియనివాళ్లే. చక్రవర్తి ముఖం చూడాలని మొదలుపెట్టినవాళ్లకు అదేం తృప్తి?

సెవెరస్ కుటుంబం సంగతి వేరు. ఆయన సైన్యం బలంతో వచ్చినవాడు. సైనికుల జీతాలు పెంచాడు, ఆ జీతాల కోసం వెండి నాణేలు విపరీతంగా కొట్టించాడు. వెండి చాలక రాగి పాలు పెంచాడు. రోమన్ల మామూలు వెండి నాణెం పేరు డెనారియస్. ఆయన కాలం డెనారియస్‌లో ఇంచుమించు సగమే వెండి. అన్ని కొట్టించారు కాబట్టి అన్ని మిగిలాయి. 1929లో బల్గేరియాలోని రెకా దెవ్న్యాలో బయటపడ్డ ఒక్క నిధిలోనే 80 వేలకు పైగా వెండి నాణేలను లెక్కకట్టారు. అందులో సెవెరస్ కాలానివి బోలెడు. అందుకే 1800 ఏళ్ల నాటి నాణెం, కనుబొమ్మలూ గడ్డం వెంట్రుకలూ స్పష్టంగా కనిపించేది, ఇక్కడ 40 నుంచి 80 పౌండ్ల మధ్య దొరుకుతుంది. నేను అయితే అరిగిపోయిన అరుదైన నాణెం ఒకటి కొనే డబ్బుతో, ముఖం బతికున్న మామూలు నాణేలు మూడు కొంటాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ కుటుంబంలో తండ్రి సెవెరస్, తల్లి జూలియా డోమ్నా, పెద్దకొడుకు కారకల్లా, చిన్నకొడుకు గేటా, పెద్దకోడలు ప్లాటిల్లా. ఐదుగురి ముఖాలూ నాణేల మీద ఉన్నాయి. అన్నదమ్ములిద్దరూ చిన్నపిల్లలుగా ఉన్నప్పటి నుంచీ ఉన్నాయి. కారకల్లా పుట్టింది 188లో, గేటా పుట్టింది 189లో. ఇద్దరి మధ్య తేడా ఏడాది కూడా లేదు. కానీ కారకల్లా నాణేల మీద 198 నుంచే తలకు లారెల్ ఆకుల దండ ఉంటుంది. అంటే తండ్రితో సమానంగా చక్రవర్తి. గేటా తల మాత్రం 209 దాకా బోసిగానే ఉంటుంది. అంటే ఇంకా యువరాజే. ఇంచుమించు ఒకే ఈడు పిల్లలు. ఒకడి తలమీద దండ, ఇంకొకడి తల ఖాళీ, అలా పదకొండేళ్లు. ఆ రెండు నాణేలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ఇంట్లో ఏం నడుస్తోందో చరిత్ర పుస్తకం తెరవకుండానే తెలుస్తుంది.

నా దగ్గరున్న కారకల్లా నాణేలను వయసు వరసలో పేర్చి పెట్టుకున్నాను. మొదటిదాంట్లో బుగ్గలు ఉబ్బి, చిన్న ముక్కు, మెడ సన్నగా, ముద్దొచ్చే పిల్లాడు. తర్వాతి దాంట్లో దవడ సాగింది, చెంప దగ్గర నూగు మొదలైంది. 210 ప్రాంతానికి వచ్చేసరికి పొట్టి గడ్డం, బిగిసిన మెడ. చివరిది 213 తర్వాతది. నుదుటి మీద రెండు ముడతలు లోతుగా చెక్కి ఉంటాయి, కనుబొమ్మలు ముక్కు మొదట్లోకి దూసుకొచ్చి ఉంటాయి. దీపాన్ని పక్కనుంచి పెట్టి నాణేన్ని కొద్దిగా వంచితే ఆ ముడతల్లో నీడ పడి కోపం ఇంకా పెరిగినట్టు కనిపిస్తుంది. 19 మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని వెండి బిళ్ల మీద ఆ చెక్కినవాడి పనితనం చూసినప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది. వాడి పేరు ఎక్కడా లేదు.

కొత్తవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. నాణెం మీద 'కారకల్లా' అన్న పేరు ఎక్కడా ఉండదు. అది ఆయన వేసుకునే ఒక రకం అంగీ వల్ల జనం పెట్టిన పేరు. సెవెరస్ తన వంశానికి గౌరవం కోసం, అంతకుముందు చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ కొడుకునని తనకు తానే ప్రకటించుకుని, పెద్దకొడుకు పేరు కూడా మార్కస్ ఆరేలియస్ ఆంటోనైనస్ అని మార్చాడు. కాబట్టి నాణెం మీద లాటిన్ అక్షరాల్లో 'ఆంటోనైనస్' (ANTONINVS) అని ఉందేమో చూడాలి. దాని చివర 'బ్రిట్' (BRIT) అని ఉంటే 210 నుంచి 213 మధ్యది, జర్మన్ తెగల మీద గెలుపుకు గుర్తుగా 'జెర్మ్' (GERM) అని ఉంటే 213 నుంచి 217 మధ్యది. ఆ బ్రిట్ అన్న మాట బ్రిటన్ దండయాత్రకు గుర్తు. ఆ దండయాత్రలోనే సెవెరస్ 211 ఫిబ్రవరిలో యార్క్‌లో చనిపోయాడు. యార్క్ నాకు రైల్లో అరగంట దూరం. అక్కడి యార్క్‌షైర్ మ్యూజియానికి వెళ్లినప్పుడల్లా, ఈ కుటుంబం చివరిసారి కలిసి బతికిన ఊరు ఇదే కదా అనిపిస్తుంది. ఆ ఏడాది డిసెంబరులోనే కారకల్లా తమ్ముణ్ని చంపించాడు. తల్లి ఒడిలోనే గేటా ప్రాణం పోయిందని ఆ కాలం చరిత్రకారుడు డియో రాశాడు. తర్వాత గేటా పేరునూ బొమ్మనూ రాజ్యమంతటా చెరిపించారు. బెర్లిన్‌లో ఉన్న ఆ కుటుంబ చిత్రపటంలో గేటా ముఖం ఉన్నచోట ఇప్పటికీ గీకేసిన మచ్చే ఉంది. కానీ చేతులు మారిపోయిన లక్షల వెండి నాణేలను వెనక్కి తేవడం ఎవరి తరం? అందుకే గేటా ముఖం ఈ రోజు మనం 60 పౌండ్లు పెట్టి కొనుక్కోగలుగుతున్నాం.

ప్లాటిల్లా నాణెం దొరికితే వదలకండి, 70 నుంచి 120 పౌండ్ల దాకా ఉంటుంది. బొమ్మ వైపు చిన్న వయసు పిల్ల ముఖం, బొరుసు వైపు భార్యాభర్తలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడి ఉంటారు. వంశం వర్ధిల్లాలని దాని మీద రాయించారు. 202లో పెళ్లి. కారకల్లాకు ఆమె అంటే మొదటి నుంచీ గిట్టదు. 205లో ఆమె తండ్రిని చంపారు, ఆమెను దీవికి పంపేశారు, సెవెరస్ పోయాక ఆమెనూ చంపించారు.

ఇక నకిలీల గురించి. వీటిలో రెండు రకాలు. పోత పోసినవి, అచ్చుతో కొట్టినవి. పోత పోసినదాన్ని పట్టుకోవడం తేలిక. పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో అక్షరాల చుట్టూ చూడండి. గుండ్రటి చిన్న బుడగలు, సబ్బు అరిగినట్టు మెత్తబడ్డ అంచులు కనిపిస్తాయి. నాణెం చుట్టంచు మీద సన్నటి గీత ఒకటి తిరిగి ఉందంటే రెండు సగాల మూసలో పోశారని అర్థం. అసలు నాణెం సుత్తితో కొట్టినది కాబట్టి అంచు మీద చిన్న చిన్న పగుళ్లు ఉండొచ్చు, బొమ్మ మధ్యకు రాకుండా ఒక పక్కకు జరిగి ఉండొచ్చు. అవి లోపాలు కావు.

అచ్చుతో కొట్టిన కొత్త నకిలీలే అసలు టెన్షన్. వీటిని పట్టుకోవడానికి నేను చేసేది ఇదే: అమ్మకానికి పెట్టిన ఫొటోను పాత వేలం పాటల ఫొటోల పక్కన పెట్టి చూస్తాను. ఒకే అచ్చుతో కొట్టిన నాణేలు రెండు దొరకడం మామూలే. కానీ చేత్తో కొట్టినప్పుడు వెండి ముక్క ఆకారం ప్రతిసారీ మారుతుంది, బొమ్మ పడే చోటూ మారుతుంది. రెండు నాణేలకు ఆకారం, పగులు, బొమ్మ జరిగిన తీరు అన్నీ అచ్చం ఒకేలా ఉన్నాయంటే, అదే నాణెం మళ్లీ అమ్మకానికి వచ్చింది కాకపోతే, కనీసం ఒకటి నకిలీయే. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్లు నడిపే 'ఓక్రే'లో, బ్రిటిష్ మ్యూజియం సైట్‌లో చక్రవర్తుల నాణేలు ఉచితంగా చూడొచ్చు. కొనే ముందు ఒక నెల ఊరికే అవి చూస్తూ ఉండండి. కళ్లకు అలవాటైతే తేడా ఉన్న ముఖం ముందే పట్టిస్తుంది.

గ్రాములో నూరో వంతు చూపే చిన్న తక్కెడ కూడా కొనుక్కోండి. సెవెరస్ డెనారియస్ మామూలుగా మూడు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. మరీ తక్కువగా ఉంటే రాగి మీద వెండి రేకు తొడిగినది కావచ్చు. అలాంటివి ఆ కాలంలోనే దొంగచాటుగా చేశారు. రోమన్ రాజ్యం సరిహద్దుల్లో, ముఖ్యంగా డాన్యూబ్ నది వెంట, ఈ కుటుంబం నాణేలకు తక్కువరకం లోహంతో పోతపోసిన నకళ్లు కూడా తిరిగాయి. అవి కూడా పాతవే, సేకరించేవాళ్లున్నారు. కాకపోతే అసలు ధరకు అంటగట్టించుకోకూడదు.

కొన్నాక తోమకండి. మనిళ్లలో వెండి సామాన్లు నల్లబడితే చింతపండో విభూతో పెట్టి తళతళలాడించడం అలవాటు. నాణేల దగ్గర ఆ పని అసలు వద్దు. ఆ నలుపే దానికి కవచం, అదే ముఖంలోని గీతలను స్పష్టంగా చూపిస్తుంది. శతాబ్దాలు మట్టిలో ఉన్న వెండి లోపల పెళుసుబారి ఉంటుంది, గచ్చు మీద పడితే రెండు ముక్కలయ్యే ప్రమాదం ఉంది. మెత్తటి గుడ్డ పరిచిన బల్ల మీదే చూడండి. మామూలు పీవీసీ కవర్లలో దాచకండి, కొన్నాళ్లకు ఆకుపచ్చ జిగురు పడుతుంది.

నాణెంతోపాటు వచ్చే పాత చీటీ పారేయకండి. ఎవరి సేకరణలోంచి వచ్చింది, ఏ వేలంలో అమ్ముడైంది అన్న కాగితం ఈ రోజుల్లో నాణెమంత విలువైనది. సీజర్‌ను చంపిన బ్రూటస్ ముఖమున్న బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో దాదాపు 42 లక్షల డాలర్లకు పోయింది. అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పిన కథ అబద్ధమని తేలి, 2023లో అమెరికా అధికారులు దాన్ని గ్రీస్‌కు తిరిగి ఇచ్చేశారు. చిన్న నాణేలకు కూడా అదే పద్ధతి వర్తిస్తుంది. ఎక్కడిదో చెప్పని అమ్మకందారు దగ్గర నేను కొనను.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి చట్టం సంగతి. మన దేశంలో వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అమ్మేవాళ్లకు లైసెన్సు ఉండాలి, కొన్నాక సొంతంగా విదేశాలకు పంపడానికి వీల్లేదు. లైసెన్సున్న వ్యాపారి దగ్గర బిల్లుతో కొనండి. పొలంలో దొరికిందని ఎవరైనా తెచ్చి ఇస్తే తీసుకోకండి. అలా దొరికినవి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం ఉంది. ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి, అన్నీ అగస్టస్, టైబీరియస్ కాలానివి. మిరియాలకూ బట్టలకూ మన తీరానికి వచ్చిన సొమ్ము అది. క్రీ.శ. 64లో నీరో డెనారియస్ బరువూ వెండీ తగ్గించాడు. మన నేలలో పాత, మంచి వెండి నాణేలే ఎక్కువగా దొరకడానికి అదొక కారణమని చెప్తారు. కాబట్టి సెవెరస్ డెనారియస్ చూపించి తెలంగాణ పొలంలో దొరికిందంటే నేనైతే నమ్మను.

చివరగా మీ 6 వేల టైబీరియస్. తెలుగు బైబిల్లో యేసు దగ్గరికి తెచ్చిన దేనారం ఇదేనని చాలామంది నమ్ముతారు కాబట్టి దీనికి గిరాకీ ఎక్కువ, నకిలీలూ అంతకంటే ఎక్కువ. కాస్త ముఖం కనిపించే అసలుదానికి ఇక్కడే 250 పౌండ్లు దాటుతుంది. మీరు చెప్పిన ధరకు అసలుది రాదు. అయినా మనసు ఊరుకోకపోతే అమ్మేవాణ్ని మూడు అడగండి: తక్కెడ మీద పెట్టి తీసిన ఫొటో, చుట్టంచు ఫొటో, ఇంతకుముందు ఎవరి దగ్గర కొన్నాడో దాని బిల్లు. బరువు 3.7 గ్రాములకు దగ్గరలో ఉండాలి. ఆ మూడింటిలో ఏది ఇవ్వనన్నా వదిలేయండి. ఆ 6 వేలకు ఇంకాస్త కలిపితే మంచి జూలియా డోమ్నా వస్తుంది. ఆమె జుట్టు దువ్విన తీరు, ఆ అలలూ వెనక ముడీ, అన్నీ లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఉన్నది చూసి తీసుకోండి. కొనే ముందు ఫొటో ఇక్కడ పెడితే చూసి చెప్తాను.