టైమ్ స్ట్రక్చర్లు మార్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి, అమలాపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కోడ్ మొత్తం చదివాను. భీమవరం రొయ్యల చెరువుల్లో పెట్టే ఆ ఆక్సిజన్ మీటర్‌లో సెకన్లకి 32 బిట్ల అంకె, మిల్లీసెకన్లకి ఇంకో అంకె పెట్టి ఎవరో సొంత స్ట్రక్చర్ రాసుకున్నారు. దాన్ని తీసేసి పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) వాళ్ల టైమ్‌స్పెక్, అంటే సెకన్లు, నానోసెకన్లు (సెకనులో నూరు కోట్లో వంతు) కలిపి దాచే స్ట్రక్చర్, పెట్టాలన్న నీ ఆలోచన మంచిదే. 2011 నుంచి సీ భాష ప్రమాణంలో కూడా అది ఉంది. కానీ పేరు ఒక్కటే మారిస్తే సరిపోదు అబ్బాయ్. ఆ పేరు చూసి బయటి లైబ్రరీలు కొన్ని నియమాలు నమ్ముకుంటాయి. అవన్నీ నువ్వు నిలబెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది నానోసెకన్ల హద్దు. అది ఎప్పుడూ 0 నుంచి 99,99,99,999 లోపే ఉండాలి, మైనస్ కాలానికి కూడా. నీ తీసివేత ఫంక్షన్‌లో 3.2 నుంచి 3.7 తీసేస్తే సెకన్లు 0, నానోసెకన్లు మైనస్ 50 కోట్లు వస్తున్నాయి. రావాల్సింది సెకన్లు మైనస్ 1, నానోసెకన్లు ప్లస్ 50 కోట్లు. చూడ్డానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ "సెకన్లు సున్నా కంటే తక్కువా?" అని అడిగే కోడ్‌కి నీ విలువ దొరకదు. అది నేరుగా నానోస్లీప్‌కి (ప్రోగ్రామ్‌ని చెప్పినంతసేపు ఆపే ఫంక్షన్) పోతుంది, నానోస్లీప్ ఆగకుండా ఎర్రర్ ఇచ్చి వెనక్కి వస్తుంది. ఆ ఎర్రర్ నువ్వు చూడటం లేదు కాబట్టి లూప్ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) వెయ్యాల్సిన ఆ వేళ మీటర్ ఇలా చిక్కుకుంటే రైతు పంట మొత్తం పోతుంది. అందుకే ఇంతగా చెబుతున్నాను.

అసలు ఆ మైనస్ ఎందుకొస్తోందో చూశావా? నెట్‌వర్క్ నుంచి టైమ్ సరిచేసినప్పుడు క్లాక్_రియల్‌టైమ్, అంటే తేదీ, టైమ్ చెప్పే గడియారం, వెనక్కి జరగొచ్చు. ఎంతసేపు గడిచిందో కొలవడానికి ఎప్పుడూ వెనక్కి జరగని క్లాక్_మోనోటోనిక్ వాడు.

సెకన్ల అంకె దాచే టైమ్_టీ అనే టైప్‌ని 64 బిట్లు చెయ్యి. 32 బిట్లయితే 2038 జనవరి 19 ఉదయం, మన టైమ్ 8:44:07 దాటగానే అంకె మైనస్‌లోకి తిరిగిపోతుంది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు 2014లోనే 5.5 వెర్షన్‌తో అన్ని మెషీన్ల మీదా మార్చేశారు. అయితే స్ట్రక్చర్ సైజు మారుతుంది కాబట్టి, ఒక లైబ్రరీ పాత సైజుతో, ఇంకోటి కొత్త సైజుతో కంపైల్ అయితే నడవదు. మొత్తం ఒకేసారి కంపైల్ చెయ్యి.

ఫ్లాష్ మెమరీలో లాగ్ రాసేటప్పుడు స్ట్రక్చర్‌ని ఉన్నపళంగా కాపీ చెయ్యడం మానెయ్. ఒక్కో అంకెనీ ఫలానా సైజు అని తేల్చి విడిగా రాయి, ముందు వెర్షన్ నంబర్ పెట్టు, పాత లాగులు చదివే కోడ్ ఉంచు. ఇంకోటి, టైమ్‌స్పెక్‌లో ఏ మెంబర్ ముందుండాలో ప్రమాణం చెప్పలేదు. కాబట్టి వరసని నమ్మి విలువలు నింపకు, మెంబర్ పేరు పెట్టి నింపు.

లోపల అంతా యూటీసీయే (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచు. ఐదున్నర గంటలు కలపడం స్క్రీన్ మీద చూపించేటప్పుడు మాత్రమే.

మొదట టెస్టులు రాయి: మైనస్ ఒక నానోసెకను, 99,99,99,999కి ఒకటి కలపడం, 2038 గడియకి ముందు సెకను, తర్వాత సెకను. ఇవి పాసయ్యాకే పాత స్ట్రక్చర్ తీసెయ్. సంక్రాంతికి వచ్చేటప్పుడు బోర్డు కూడా తీసుకురా, గడియారం 2038కి తిప్పి ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య